నీళ్లు పడే చోటును ఎవరు చూస్తారు?

శ్రీశైలంలో గేట్లెత్తారన్న కబురు అందితే నంద్యాల జిల్లా ఊళ్లలో ఆ రోజంతా అదే మాట. కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె వైపు రైతు పొద్దున్నే పేపరు తెరిచి మొదట వెతికేది జలాశయం మట్టాన్నే. 854 అడుగులు దాటిందా, పోతిరెడ్డిపాడుకు నీళ్లెక్కాయా, బానకచర్ల నుంచి ఎస్సార్బీసీ కాలువకు ఎంత వదిలారు, గోరుకల్లు నిండాక అవుకుకు ఎప్పటికొస్తాయి... ఈ లెక్కలన్నీ వాళ్లకు నోటికొచ్చు. వీలున్నవాళ్లు పిల్లాపాపలతో నల్లమల ఘాట్లెక్కి డ్యామ్ దగ్గరికి పోతారు. గేట్ల కింద నుంచి జారివచ్చి, ఒక్కసారిగా గాల్లోకి లేచి, దూరంగా కృష్ణలో పడే తెల్లటి నీటిని ఫోన్లలో పట్టుకుని తిరిగొస్తారు.

నీళ్లు అలా గాల్లోకి లేవడం వాటంతట అవి చేసే పని కాదు. స్పిల్‌వే అడుగున కాంక్రీటును పైకి వంచి, ఏ కోణంలో లేపాలో, ఎంత దూరం విసరాలో ఒక ఇంజినీరు లెక్కగట్టి గీసిన వంపు అది. డ్యామ్ ఇంజినీర్లు దాన్ని స్కీ జంప్ బకెట్ అంటారు. యూరప్ మంచుకొండల్లో ఆటగాళ్లు దూకే ఏటవాలు కట్టడాల పేరే దీనికీ పెట్టారు. మంచు పడని రాయలసీమకు తాగునీరు, సాగునీరు ఇచ్చే ఆనకట్ట కూడా స్కీ జంప్ మీదే ఆధారపడింది. ఆ దూకుడు చూడటానికి జనం వస్తారు. నీళ్లు పడే చోట ఏం జరుగుతోందో చూసేవాళ్లు తక్కువ. శ్రీశైలం విషయంలో ఇప్పుడు దిద్దుకోవలసింది ఈ నిర్లక్ష్యాన్నే.

మంచుకొండల మీద ఈ కట్టడాలు గీసినవాళ్ల జీవితాలు చూస్తే, ఈ వృత్తి ఎంత ఓపిక కోరుతుందో అర్థమవుతుంది. స్లొవేనియాకు చెందిన స్టాంకో బ్లౌదెక్ విమానాలు రూపొందించిన ఇంజినీరు. 1930లలో ప్లానిత్సా లోయలో ఆయన పెద్ద స్కీ జంప్ కొండను తీర్చిదిద్దాడు. 1936లో ఆస్ట్రియా కుర్రాడు సెప్ బ్రాడల్ అక్కడే 101.5 మీటర్లు దూకాడు. మనిషి స్కీల మీద వంద మీటర్లు దాటడం అదే తొలిసారి. స్విట్జర్లాండ్ ఇంజినీరు రైన్‌హార్డ్ స్ట్రౌమన్ 1920లలోనే జంపర్ శరీరం మీద గాలి ఒత్తిడిని గాలి సొరంగంలో కొలిచి, దాన్ని బట్టి కొండవాలు ఎలా ఉండాలో లెక్క తేల్చాడు. 

బ్లౌదెక్ తర్వాత ప్లానిత్సా బాధ్యత గోరిషెక్ సోదరులు లాదో, యానెజ్‌లకు వచ్చింది. 1969లో వాళ్లు అక్కడ మరింత పెద్ద కొండ కట్టారు. స్వయంగా జంపర్ అయిన యానెజ్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ కొండనే సవరిస్తూ వచ్చాడు. 2025 మార్చిలో దోమెన్ ప్రెవ్‌త్స్ 254.5 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పింది దాని మీదే. కట్టేసి పక్కకు తప్పుకునే పని కాదిది. జంపర్ల వేగం, స్కీల తయారీ, ఎగిరే పద్ధతి మారిన ప్రతిసారీ కొండ ఒంపును తిరిగి గీయాల్సిందే.

వీళ్ల శ్రమలో ఎక్కువ భాగం పోయేది దూకే చోటు మీద కాదు, దిగే చోటు మీద. పెద్ద కొండ మీద జంపర్ గంటకు 90 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తాడు. దూకే బల్ల పైకి లేచి ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు గాని, అది పది పదకొండు డిగ్రీల మేర కిందికే వాలి ఉంటుంది. అక్కణ్ణుంచి అతను అరవై డెబ్బై మీటర్లు కిందికి దిగినా కాళ్లు విరగవు. కింద వాలు కూడా అతని ప్రయాణమార్గాన్ని అనుసరించి 35 డిగ్రీల దాకా వంగి ఉండటమే కారణం. అతను గాల్లో ఉన్నంతసేపూ నేలకు కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాడు. దిగేటప్పుడు తగిలే దెబ్బ పడిన మొత్తం ఎత్తును బట్టి ఉండదు, వాలుకు లంబంగా పనిచేసే కొద్దిపాటి వేగాన్ని బట్టే ఉంటుంది.

స్విస్ ఇంజినీరు హాన్స్ హైనీ గాసర్ ఈ జ్యామితినంతా సూత్రాలుగా కూర్చి అంతర్జాతీయ స్కీ సమాఖ్యకు నిర్మాణ ప్రమాణాలు రాసిపెట్టాడు. ఆ సమాఖ్య ధ్రువపత్రం లేని కొండ మీద అంతర్జాతీయ పోటీలు జరగవు. ధ్రువపత్రానికి గడువుంటుంది. అది తీరితే కొండను మళ్లీ కొలవాలి. ఆటగాడు దిగే నేల గురించి అంత పట్టింపు.

ఇదే ఆలోచనను నీళ్లకు మళ్లించినవాడు ఫ్రాన్స్ ఇంజినీరు ఆంద్రే కోయిన్. దోర్దోన్ నది మీద 1935లో పూర్తయిన మారేజ్ డ్యామ్‌లో ఆయన స్పిల్‌వే చివరను స్కీ జంప్ మాదిరి పైకి తిప్పి వరదనీటిని డ్యామ్ పాదానికి దూరంగా విసిరించాడు. ఆ తర్వాత లేగ్ల్ డ్యామ్‌లో ఏకంగా విద్యుత్ కేంద్రం పైకప్పు మీదుగానే నీళ్లను దూకించాడు. ఇరుకు లోయల్లో, గట్టి రాయి ఉన్నచోట, పొడవాటి కాంక్రీటు మడుగులు కట్టే ఖర్చు లేకుండా వరదను సాగనంపే ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో దీని డిజైన్‌కు ఐఎస్ 7365 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. సాధారణంగా నీటిని 30 నుంచి 40 డిగ్రీల కోణంలో పైకి లేపుతారు.

జంపర్‌కూ నీటికీ పోలిక ఇక్కడితో సరి. జంపర్‌ను నొప్పి తెలియకుండా దించాలి. నీటి బలాన్ని మాత్రం దారిలోనే విరగ్గొట్టాలి. గాల్లో చీలి, నురగై, కింద లోతైన నీటిగుంటలో పడి నీరసించాలి. ఆ గుంటే ప్లంజ్ పూల్. నీళ్లు పడ్డచోట నది తనంతట తాను తవ్వుకునే గొయ్యి ఇది. డ్యామ్‌కు దూరంగా, ఒక లోతు దగ్గర ఆగినంతకాలం దానితో మేలే. ఆగకుండా లోతుకు పోతున్నా, పక్కలకు పెరుగుతున్నా, వెనక్కి డ్యామ్ వైపు నడిచినా ముప్పే.

శ్రీశైలంలో ఆ బలం ఎంతో లెక్కవేయడం కష్టమేమీ కాదు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ నిండితే 590 అడుగుల మట్టం దాకా నీళ్లు శ్రీశైలం పాదాన్ని తాకుతాయి. తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. రాపిడిని పక్కన పెడితే అంత ఎత్తు నుంచి దిగే నీటి వేగం గంటకు 150 కిలోమీటర్లు. పది లక్షల క్యూసెక్కుల వరద ఆ ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 25,000 మెగావాట్లు. కుడిగట్టు, ఎడమగట్టు విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యం 1,670 మెగావాట్లు. వాటి ఉత్పత్తికి పదిహేను రెట్ల శక్తి, వరద సాగినన్ని రోజులూ, పన్నెండు గేట్ల కింది ఆ ఇరుకు లోయలోనే ఖర్చవుతుంది.

2009 అక్టోబరు తొలివారం కర్నూలు జిల్లాలో ఎవరూ మరవరు. శ్రీశైలం డిజైన్ వరద 19 లక్షల క్యూసెక్కులు కాగా, ఆ రోజుల్లో వచ్చినది 25 లక్షలు దాటింది. మట్టం 896 అడుగులు దాటింది. ఎగువన కర్నూలు నగరం మునిగింది, కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోకి నీళ్లు చొరబడ్డాయి. డ్యామ్ నిలబడింది. కట్టినవాళ్ల పనితనానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. అయితే డ్యామ్ తట్టుకున్న ఆ దెబ్బను కింద రాయి కూడా తిన్నది. డ్యామ్ నిలబడిందన్న సంతోషంలో కింద రాయి సంగతి వెనక్కి పోయింది.

రాయిని నీరు ఏం చేయగలదో కొలిమిగుండ్ల మండలానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బెలూం గుహలు ఇక్కడే ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి ఉనికిని నమోదు చేశాడు. 1980ల మొదట్లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. మూడు కిలోమీటర్లకు పైగా సాగిన ఆ సొరంగాలు, అడుగున పాతాళగంగ, అన్నీ సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లపాటు కరిగించుకుంటూ పోగా మిగిలినవి.

శ్రీశైలం రాయి బెలూం రాయి కాదు. అక్కడిది క్వార్ట్జైట్, మధ్యమధ్య షేల్ పొరలు. క్వార్ట్జైట్ నీటికి కరగదు, విరుగుతుంది. ఎలా విరుగుతుందో తెలియాలంటే కొలిమిగుండ్ల నాపరాతి గనుల్లో పనివాళ్లను చూడాలి. వాళ్లు రాయిని పగలగొట్టరు. పొర ఎక్కడుందో కనిపెట్టి, సందులో ఉలి దింపి, దెబ్బ మీద దెబ్బ వేసి పలకను పలకగా లేపుతారు. ప్లంజ్ పూల్ అడుగున నీరు చేసేదీ అదే. పైనుంచి పడే ధార ఒత్తిడి క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి రాతి బీటల్లోకి చొరబడి, కింద నుంచి ఎగదన్ని, ఒక్కో దిమ్మెనూ లేపేస్తుంది. లేచిన దిమ్మెను ప్రవాహం పక్కకు విసిరేస్తుంది. తర్వాతి బీట బయటపడుతుంది.

శ్రీశైలంలో దిగువ రక్షణ కోసం వేసిన అప్రాన్ (కాంక్రీటు పరుపు), ఉక్కు సిలిండర్లు వరదలకు దెబ్బతిన్న సంగతి దాచిపెట్టిందేమీ కాదు. ప్లంజ్ పూల్ పెరుగుదల మీద నిపుణుల కమిటీలు మాట్లాడాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ 2025లో వచ్చి పరిశీలించింది. మరమ్మతుల ప్రతిపాదనలు ఏళ్లుగా నలుగుతున్నాయి. ఈలోగా ప్రతి వరద కాలం తన పని తాను చేసుకుపోతోంది. గొయ్యి డ్యామ్‌ను పడగొట్టబోతోందని భయపెట్టడం తప్పు. కొలవకుండా, కొలిచింది జనానికి చెప్పకుండా, ఏటికేడాది వాయిదా వేయడమూ తప్పే.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో జాంబెజీ నది మీది కరీబా చెబుతుంది. 1959లో పూర్తయిన ఆ డ్యామ్‌ను రూపొందించింది కూడా ఆంద్రే కోయినే. అక్కడ స్కీ జంప్ బకెట్ లేదు, డ్యామ్ గోడలోని ఆరు గేట్ల నుంచి నీళ్లు నేరుగా దిగువకు దూకుతాయి. పడే చోట మాత్రం అదే కథ. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ధారలు రాతిలో దాదాపు 80 మీటర్ల లోతు గొయ్యి తవ్వాయి. అది పునాది వైపు పెరగవచ్చన్న భయంతో చివరకు జాంబియా, జింబాబ్వే దేశాలు ఐరోపా సమాఖ్య, ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, స్వీడన్ సాయంతో సుమారు 29 కోట్ల డాలర్ల పునరుద్ధరణకు దిగాయి. 2017లో పనులు మొదలుపెట్టి, గుంటకు అడ్డుకట్ట వేసి, నీళ్లు తోడి, రాతిని కొత్త ఆకారంలోకి చెక్కాల్సి వచ్చింది. ధార తగిలిన నీరు డ్యామ్ వైపు తిరగకుండా దిగువకే సాగిపోవాలన్నది ఆ కొత్త ఆకారం ఉద్దేశం. పుష్కలంగా డబ్బూ నిపుణులూ ఉన్న దేశాలు కూడా తప్పించుకోలేదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఓరోవిల్ డ్యామ్ స్పిల్‌వే కాంక్రీటు లేచిపోయి, లక్షా ఎనభై వేల మందికి పైగా ఇళ్లు వదలాల్సి వచ్చింది. బాగు చేయడానికి వంద కోట్ల డాలర్లు దాటాయి. ఏళ్ల తరబడి పేరుకున్న చిన్న చిన్న నిర్లక్ష్యాలే దీనికి కారణమని స్వతంత్ర విచారణ బృందం తేల్చింది.

ఈ గొయ్యి ఎంత పెరుగుతుందో ముందే చెప్పగలమా? కొంతవరకే. నమూనా కట్టి పరీక్షిస్తారు. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం దేశంలో పెద్ద డ్యామ్‌లకు ఈ పని చేసిపెట్టింది. యాభయ్యో వంతు నమూనాలో నీళ్లు ఎంత దూరం పడతాయో చాలావరకు తెలుస్తుంది. కానీ రాతిలోని బీటలను యాభయ్యో వంతుకు కుదించడం ఎవరి వల్లా కాదు. ధారలో కలిసే గాలి బుడగలూ ఆ లెక్కకు లొంగవు. అందుకే అసలు పరీక్ష డ్యామ్ కట్టాక, వరదలొచ్చాకే మొదలవుతుంది. వరద తగ్గగానే గుంట లోతు కొలిచి, కిందటేడు పటంతో పోల్చి, గేట్లు ఎత్తే వరుస మార్చి, మళ్లీ కొలిచే మనిషి ఉండాలి. ఒకే డ్యామ్‌తో పాతికేళ్లు గడిపినవాడికి కనిపించేది మూడేళ్లకోసారి మారే అధికారికి కనిపించదు.

అలాంటి మనుషులు తెలుగునేలకు కొత్త కాదు. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల విభాగం నుంచే ఎదిగి, 1963 నుంచి పదేళ్లు కేంద్ర మంత్రిగా చేశారు. శ్రీశైలానికి శంకుస్థాపన జరిగిన సంవత్సరం కూడా 1963. డిజైన్ బల్ల మీద పెరిగిన మనిషి మాట అప్పట్లో ఢిల్లీలో చెల్లింది.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే తుంగభద్ర ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. కర్నూలు, అనంతపురం రైతుల గుండెలు జారిపోయాయి. జలాశయం ఖాళీ అయితే తప్ప కొత్త గేటు పెట్టలేరన్న మాటలు వినిపిస్తున్నప్పుడు, పదవీ విరమణ చేసిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ముందుకొచ్చి, ప్రవాహం సాగుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు దించి వారం రోజుల్లో నీళ్లు ఆపించారు. మరుసటి నెల ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను పడవలు ఢీకొన్నప్పుడూ ఆయననే పిలిచారు. ఆ పెద్దాయన అనుభవానికి చేతులెత్తి మొక్కాలి. రెండు ప్రమాదాల్లోనూ ప్రభుత్వాలు వెతుక్కున్నది ఎప్పుడో రిటైరైన మనిషినే అన్నది మాత్రం ఆందోళన కలిగించాలి. ఆయన తర్వాత పిలవడానికి పదిమంది నలభై ఏళ్లవాళ్లు సిద్ధంగా ఉన్నారా?

సిద్ధం కావడానికి దారే సరిగా లేదు. జలవనరుల శాఖలో చేరిన ఇంజినీరు ఒకచోట కాలువ లైనింగ్, ఇంకోచోట భూసేకరణ, మరోచోట బిల్లులు చూస్తూ తిరుగుతాడు. పదోన్నతి సీనియారిటీని బట్టి వస్తుంది గాని, ఒక స్పిల్‌వే గురించి ఎంత తెలుసుకున్నాడన్న దాన్ని బట్టి రాదు. డిజైన్ల విభాగంలో కూర్చోవడం కంటే పనులు జరిగే చోట ఉండటమే మేలని కుర్రాళ్లు అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. నంద్యాల, కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీల్లో సివిల్ చదివే పిల్లలకు బ్యాంకు పరీక్షలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు కనిపించినంత దగ్గరగా శ్రీశైలం కనిపించడం లేదు. జిల్లాలోనే దేశంలోని పెద్ద స్కీ జంప్ స్పిల్‌వేల్లో ఒకటి ఉన్నా పరిస్థితి ఇది.

మేలుకోకపోతే ఏమవుతుందో రాయలసీమ ఒకసారి చూసింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు డ్యామ్ భద్రతా చట్టాన్ని ఆమోదించింది. వానకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి ప్రతి డ్యామ్‌నూ తనిఖీ చేయాలని అది చెబుతోంది. చట్టం అమల్లోకి వచ్చిన అయిదేళ్లలోపు, అంటే 2026 డిసెంబరు చివరికి, స్వతంత్ర నిపుణులతో సమగ్ర భద్రతా మదింపు జరగాలనీ నిర్దేశించింది.

శ్రీశైలం మదింపు ఏడాదివారీ తనిఖీ పత్రాల సంకలనంగా మిగిలిపోకూడదు. మొదట, గుంట అడుగును సోనార్‌తో కొలిచిన పటాలను ఏటా వరద తగ్గాక బయటపెట్టాలి. జలాశయం మట్టాన్ని రోజూ ప్రకటిస్తున్న ప్రభుత్వానికి ఏడాదికొక లోతు పటం ప్రకటించడం భారం కాదు. రెండోది, ప్లంజ్ పూల్ మరమ్మతును రోడ్లు, లైట్లు, రంగుల పనులతో కలిపి ఒకే ప్యాకేజీలో కట్టేయకుండా, దానికే నిధులు, దానికే గడువు పెట్టాలి. నీళ్ల పంపకంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఎన్ని తగాదాలున్నా, ఎడమగట్టు మీద తెలంగాణ విద్యుత్ కేంద్రం, కుడిగట్టు మీద ఆంధ్రప్రదేశ్ విద్యుత్ కేంద్రం ఆనుకున్నది ఒకే డ్యామ్‌ను. జలాశయం పూడికతో 308 టీఎంసీల నుంచి 215 టీఎంసీలకు కుంచించుకుపోయిన నష్టం ఇద్దరిదీ. కింద రాయి పోతే కలిగే నష్టం కూడా ఇద్దరిదే. ఖర్చు పంచుకోవడానికి కృష్ణా బోర్డు ఒక్క సమావేశంలో ఒప్పందం కుదర్చగలదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. హైడ్రాలిక్ డిజైన్‌కు, డ్యామ్ భద్రతకు ప్రత్యేక కేడర్ కావాలి. అందులో చేరినవాళ్లను కాలువల మీదికి, భూసేకరణకు మళ్లించకూడదు. ఖడక్‌వాస్లాలో రెండేళ్లు శిక్షణ, కరీబా లాంటి చోట్ల పని చూసే అవకాశం, డిజైన్ బల్ల దగ్గరే చీఫ్ ఇంజినీరు స్థాయి దాకా ఎదిగే మెట్లు ఉండాలి. జిల్లా కాలేజీల్లో ఫైనలియర్ చదివే పిల్లల ప్రాజెక్టుల్లో శ్రీశైలం గుంట కొలతను ఒకటిగా చేర్చాలి. కన్నయ్యనాయుడి లాంటివాళ్లు ఉండగానే వాళ్ల పక్కన ముప్పై ఏళ్ల ఇంజినీర్లను కూర్చోబెట్టి, గేటు వెనుక గేటు, డ్యామ్ వెనుక డ్యామ్ వాళ్ల అనుభవాన్ని రాయించాలి.

ఈ మదింపు నివేదిక బయటికొచ్చినప్పుడు కొలిమిగుండ్ల, అవుకు రైతు సంఘాలు అందులో రెండు విషయాలు వెతకాలి. గొయ్యి ఇవాళ ఎంత లోతుంది, కిందటి కొలతకూ దీనికీ తేడా ఎంత అన్నది ఒకటి. వచ్చే పదేళ్లు ఆ గొయ్యి బాధ్యత ఏ ఇంజినీరు పేరు మీద ఉంది అన్నది రెండోది. ఆ రెండూ లేకపోతే నివేదికను వెనక్కి పంపమని అడగాలి. అవుకు రిజర్వాయరుకు నీళ్లు ప్రధానంగా శ్రీశైలం జలాశయం నుంచే వస్తున్నాయి కాబట్టి ఆ హక్కు వాళ్లకుంది.